కలకత్తా ట్రామ్ డిపోల్లో చూసినవి

మన గ్రూపులో ఎప్పుడూ నోటిఫికేషన్లు, హాస్టల్ సమస్యలే రాసుకుంటాం. ఈసారి నాకున్న ఒక పిచ్చి గురించి రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మాది అరకు వైపు. కొత్తవలస–కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం మోసే గూడ్సుబండ్ల వ్యాగన్లు లెక్కపెడుతూ పెరిగాను. అందుకేనేమో, కలకత్తాలో చదివిన రెండేళ్లూ సెలవు దొరికితే చాలు, ట్రామ్ డిపోలకి పోయేవాణ్ని.

చూడనివాళ్ల కోసం చెప్తున్నా. ట్రామ్ అంటే రోడ్డులోనే వేసిన పట్టాల మీద కరెంటుతో నడిచే బండి. కలకత్తాలో 1873లో గుర్రాలతో లాగించారు, 1902లో కరెంటు పెట్టారు. మద్రాసులో అంతకన్నా ముందే, 1895లోనే కరెంటు ట్రామ్ నడిచింది. 1953లో ఆగిపోయింది. ఇప్పుడు దేశంలో మిగిలింది కలకత్తా ఒక్కటే.

మొదట పోయింది గరియాహాట్ డిపోకి. "ఎందుకొచ్చావ్?" అన్నారు గేటు దగ్గర. "బండ్లు చూద్దామని, దాదా" అన్నాను. నవ్వి లోపలికి పంపారు. బండి కింద గోతిలోకి దిగి ఇద్దరు బ్రేకులు చూస్తున్నారు. పట్టాల మధ్య వెడల్పు 1435 మిల్లీమీటర్లు. మన రైలు పట్టాలకి 1676. అంటే దాదాపు జానెడు తేడా. బండి నెత్తిన పొడవాటి ట్రాలీ పోల్ ఉంటుంది, పై తీగ నుంచి కరెంటు తీసుకునేది అదే. అది తీగ తప్పితే వెనక తాడు పట్టి లాగి మళ్లీ తగిలించాలి. పట్టాలు చీలే చోట ఒకాయన ఇనుప కడ్డీతో దారి మారుస్తాడు.

నోనాపుకూర్ వర్క్‌షాప్ మాత్రం నన్ను వదల్లేదు. పెద్ద రిపేర్లన్నీ అక్కడే. విప్పేసిన చక్రాలు, మోటార్లు, సుత్తి మోత. ఒక పెద్దాయన తిరుగుతున్న మోటారు పెట్టె మీద చెయ్యి ఆనించి, "బేరింగ్ పోతోంది" అన్నాడు. ఏ మీటరూ పెట్టలేదు. ఎలా తెలిసింది దాదా అంటే, "మా ఉస్తాద్ పక్కన నిలబడి నేర్చుకున్నా" అన్నాడు. చాలా సామాన్లు బజార్లో దొరకవట, వాళ్లే చేసుకుంటారట.

2024 సెప్టెంబరులో అక్కడి రవాణా మంత్రి, ఎస్ప్లనేడ్–మైదాన్ దారి ఒక్కటి ఉంచి మిగతావి ఆపేస్తామని ప్రకటించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది బండ్లు కాదు, ఆ పెద్దాయన చెయ్యి. రూటు ఆపితే బస్సు వేస్తారు, జనం ఎలాగో పోతారు. ఒక బండిని మ్యూజియంలో పెడతారు. మరి ఆ చేతికి తెలిసినదాన్ని ఎక్కడ పెడతారు? పక్కన నిలబడే కుర్రాడే లేకపోతే అది ఆయనతోనే పోతుంది.

మా ఊళ్లోనూ కొలిమి తాత ఉన్నాడు. ఇనుము ఏ రంగుకి వస్తే నీళ్లలో ముంచాలో చూపుతోనే చెప్తాడు. ఇప్పుడు అందరం సంతలో కత్తులు కొనుక్కుంటున్నాం, తాత దగ్గర కూర్చునేవాళ్లు లేరు. మొన్న సెలవులకి పోయి రెండు రోజులు తిత్తి ఊదాను. ఫోన్‌లో రికార్డు చేశాను, కానీ రికార్డు వింటే పని రాదు, చెయ్యాలి.

ఐటీఐ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఊళ్లో ఇలాంటి పెద్దలు ఎవరున్నారో కింద రాయండి. దసరా సెలవుల్లో ఎవరి దగ్గరికి ఎవరు పోవాలో మాట్లాడుకుందాం. కలకత్తాకి పరీక్షకో చదువుకో పోయేవాళ్లు ఒక్కసారైనా ట్రామ్ ఎక్కండి.

జోహార్.