ఈరన్న, వీరన్న ఒక్కరేనా?

మీ అమ్మానాన్నల ఆధార్, పాన్ కార్డు పక్కపక్కన పెట్టి ఎప్పుడైనా చూశారా? రాయలసీమ వాళ్లయితే ఈరోజే చూడండి.

మాది కర్నూలు జిల్లా కోడుమూరు. మా వైపు ఉరుకుంద ఈరన్న స్వామి పేరు పెట్టుకున్నవాళ్లు వీధికి నలుగురుంటారు. మా నాన్నా ఈరన్నే. ఆధార్‌లో ఈరన్న, పాన్‌లో మాత్రం వీరన్న. ఫారం నింపినాయనకు ‘వీరన్న’ అంటేనే పద్ధతిగా అనిపించినట్టుంది!

మొన్న చెల్లెలి చదువు లోనుకు నాన్న ఫోన్‌లోనే ఈ-సైన్ చేయాల్సి వచ్చింది. ఓటీపీ వచ్చింది, కొట్టాడు. ‘పేరు సరిపోలలేదు’ అని ఆగిపోయింది. ఫీజుకు నాలుగు రోజులే గడువు. “నేను ఈరన్న కాకుంటే ఇంగెవర్రా?” అన్నాడు నాన్న.

హైదరాబాద్‌లో నా ఉద్యోగం ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాయడమే. అందుకే లోపల ఏం జరిగిందో అర్థమైంది. ఆధార్‌తో ఈ-సైన్ చేయడానికి 2015లో రూల్స్ వచ్చాయి. ఓటీపీ సరైనదైతే, ఆధార్‌లో ఉన్న పేరుతో అరగంట మాత్రమే చెల్లే డిజిటల్ సర్టిఫికెట్ తయారవుతుంది. సంతకం దాంతోనే పడుతుంది. లోను కాగితాల్లో పేరేమో పాన్ నుంచి తీసుకున్నారు. ఆ రెండు పేర్లను పోల్చే చోటే బండి ఆగింది.

పోల్చడానికి ఒక పాత పద్ధతి ఉంది. ఒక పేరును ఇంకో పేరుగా మార్చాలంటే ఎన్ని అక్షరాలు మార్చాలో లెక్కపెట్టడం. నాన్న పేరుకు ఇంగ్లీషులో ముందు ‘వి’, తర్వాత ఇంకో ‘ఇ’ చేరిస్తే వీరన్న. తేడా రెండక్షరాలు.

“రెండే కదా, వదిలేస్తే పోలా?” అనుకుంటారు. అక్కడే ఉంది తిరకాసు. మా ఊళ్లలో అన్న పెద్ద ఈరన్న, తమ్ముడు చిన్న ఈరన్న అయిన ఇళ్లు బోలెడు. పొడి అక్షరాల్లో రాస్తే పి.ఈరన్న, సి.ఈరన్న. తేడా ఒక్కటే అక్షరం! ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు కూడా ఒకటే. రెండక్షరాలు వదిలేసే మిషన్, అన్న పొలం మీద తమ్ముడు సంతకం పెట్టినా సరే అనేస్తుంది.

అంటే ఒకే మనిషి రెండక్షరాల దూరంలో, ఇద్దరు మనుషులు ఒక్క అక్షరం దూరంలో ఉన్నారు. పేరొక్కటే చూస్తే ఈ ముడి విడిపోదు. పుట్టిన తేదీ, ఫొటో కూడా కలిపి చూడాలి. అప్పటికీ తేలకపోతే ‘కాదు’ అని తలుపేయకుండా ఒక మనిషి దగ్గరికి పంపాలి. మాకు జరిగింది అదే. నాన్న బ్రాంచికి వెళ్తే అక్కడి మేడమ్ రెండు కార్డులూ, ముఖమూ చూసి కాగితం మీద సంతకం తీసుకున్నారు. మూడో రోజు ఫీజు కట్టేశాం.

అన్నట్టు, ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండేసార్లు. కాబట్టి ముందు పాసు పుస్తకం, బ్యాంకు ఖాతా, పాన్ అన్నీ చూసి ఏ స్పెల్లింగ్ ఉంచాలో ఇంట్లో తేల్చుకోండి. తర్వాతే సెంటర్‌కి వెళ్లండి. గడువు నెత్తిమీదికి రాకముందే.