బకాయి లేని పఠనం

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ‘ఉదయం’ అనే మాటకు ఇంటింటికీ అర్థం మారుతుంది. రాత్రి డ్యూటీ ముగించి వచ్చినవారికి అది నిద్రవేళ. తెల్లవారక ముందే బయలుదేరిన వారికి అప్పటికే సగం దినం గడచిన వేళ. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి ఉత్తర కోస్తా జిల్లాల తెలుగువారెందరో ఇక్కడ స్థిరపడి, బండ్ల వేళలను బట్టి తమ నిద్రాహారాలను దిద్దుకుంటూ వచ్చారు. అటువంటి ఊరిలో కాపురముంటూ, ప్రతిదినం ఉదయం ఆరు గంటలకు బైబిలు చదవాలని 1993 డిసెంబరు 31 రాత్రి ఆరాధన నుంచి తిరిగివస్తూ భార్యాభర్తలము మేము నిశ్చయించుకున్నాము.

లెక్క చక్కగానే కుదిరింది. పరిశుద్ధ గ్రంథంలో 66 పుస్తకాలు, 1189 అధ్యాయాలు. దినానికి మూడు, ఆదివారం నాడు అయిదు చదివితే ఏడాదిలో పూర్తి అవుతుంది. ఆదికాండము కథల వేగంతో హాయిగా సాగింది. నిర్గమకాండము రెండవ సగంలో గుడారపు తెరలు, పలకలు, కొలతలు వచ్చేసరికి వేగం తగ్గింది. లేవీయకాండము దగ్గర మా బండి ఔటరు సిగ్నలు వద్ద నిలిచిపోయింది. ఆ వారమే డ్యూటీ మారింది. పాపకు జ్వరం వచ్చింది. తొమ్మిది దినాలు తప్పిపోగా, నడుమ ఒక ఆదివారంతో కలిపి 29 అధ్యాయాలు బకాయి పడ్డాము.

ఆ బకాయిని ఒక మధ్యాహ్నం కూర్చుని ఏకబిగిన తీర్చబోయాము. కళ్ళు అక్షరాల వెంట పరుగెత్తాయే గాని మనసులో ఒక్క వాక్యమూ నిలువలేదు. నిత్యం రామాయణ పారాయణ చేసే పొరుగింటి పెద్దాయన ఏదో పనిమీద వచ్చి, మా అవస్థ చూసి, “ఏమండీ, చదువుతున్నారా, అప్పు తీరుస్తున్నారా?” అన్నారు. మేము నవ్వాము గాని ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేదు. మార్చి నెలలో పఠనం పూర్తిగా ఆగిపోయింది.

స్కాట్లాండులోని డండీ పట్టణంలో సంఘ కాపరిగా ఉన్న రాబర్ట్ మర్రే మెక్‌చేన్ 1842లో తన సంఘస్థుల కోసం ఒక పఠన పట్టిక తయారుచేశారు. దానిని అనుసరించి దినానికి నాలుగేసి అధ్యాయాలు చదివితే ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. ఆ పట్టికతోపాటే ఆయన కొన్ని ప్రమాదాలనూ పేర్కొన్నారు: చదువు మొక్కుబడిగా మారవచ్చు, చదివామన్న గర్వం రావచ్చు, కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. చాలా కాలం తరువాత ఇది తెలుసుకున్నప్పుడు, మా ఫిబ్రవరి నెల సంగతి నూట యాభై ఏళ్ళ కిందటే ఆయన రాసిపెట్టారే అనిపించింది.

ఏప్రిల్ నెలలో మళ్ళీ మొదలుపెట్టాము. ఈసారి బకాయి అనే పద్దునే రద్దు చేసుకున్నాము. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలున్నాయి. నేటి తేదీ ఏదో ఆ అధ్యాయమే నేటి పాఠం. ఏడవ తేదీ తప్పిపోతే తప్పిపోయినట్లే. ఎనిమిదవ తేదీన ఎనిమిదవ అధ్యాయమే తెరవాలి. తప్పినది వచ్చే నెలలో దానంతట అదే ఎదురవుతుంది. రాత్రి పది గంటలకు డ్యూటీ ఎక్కి మరునాడు ఆరింటికి దిగిన వారికి ఏ తేదీ వర్తిస్తుందనే వివాదం మాత్రం మా ఇంట రెండు వారాలు నడిచింది. చివరకు ఎక్కిన తేదీయే లెక్క అని తేల్చుకున్నాము. ఉదయం ఆరు గంటలన్న నియమాన్ని కూడా విడిచిపెట్టాము. కాలం మా చేతిలో లేదు గనుక చోటును స్థిరపరచుకున్నాము. వంటింటి అలమరలో టిఫిను క్యారియరు పక్కన గ్రంథాన్ని ఉంచాము. డబ్బా తీసుకొని డ్యూటీకి వెళ్ళేవారు వెళ్ళే ముందు, ఇంట ఉన్నవారు డబ్బా కడిగి పెట్టిన తరువాత ఆ అధ్యాయం చదివేవారము. నాలుగైదు నెలలకు, గ్రంథం చేతికి తగలకుండా డబ్బా తీయడమే వింతగా తోచసాగింది.

1996లో నాయనమ్మ కంట శుక్లాలు ముదిరాయి. సాయంకాలం వేళ చదివి వినిపించే పని పాప మీద పడింది. ఆ పాప బడిలో ఇంగ్లీషు, వీధిలో హిందీ, నేస్తాలతో బంగ్లా. ఇంట తెలుగు మాట్లాడుతుందే గాని అక్షరం కూడబలుక్కోవలసిందే. “చెప్పెను, పోయిరి అంటున్నారే, ఇలా ఎవరు మాట్లాడతారు నాయనమ్మా?” అని అడిగేది. పదహారే అధ్యాయాలున్న మార్కు సువార్తతో మొదలుపెట్టించాము. మొదటి అధ్యాయానికే పది దినాలు పట్టింది.

ఆ మార్కు సువార్త తెలుగులో తొలిసారి అచ్చయినది మా ఊరి నుంచి హౌరా మీదుగా ఒక పూట ప్రయాణంలో ఉన్న శ్రీరాంపూర్‌లోనే. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీ ఆగస్టస్ డిగ్రాంజెస్, బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన ఆనందరాయర్ సహాయంతో మత్తయి, మార్కు, లూకా సువార్తలను తెనిగించారు. అవి 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. డిగ్రాంజెస్ 1810లోనే కన్నుమూశారు. అచ్చు ప్రతిని ఆయన చూడనేలేదు. బంగాళదేశంలో తెలుగు అక్షరం ఎందుకని పాప విసుగుకొన్నప్పుడల్లా మేము ఈ సంగతి చెప్పేవారము. అది ఎంత చెవికెక్కిందో గాని, ఏడాది తిరిగేసరికి పాప తడబాటు లేకుండా చదవసాగింది.

1997లో నాయనమ్మకు శస్త్రచికిత్స జరిగింది. కొత్త కళ్ళజోడు వచ్చింది. అయినా సాయంకాలం కాగానే, “అక్షరాలు అలికినట్టున్నాయే అమ్మా, నువ్వే చదువు” అని మనుమరాలిని పిలిచేవారు. ఒకనాడు మధ్యాహ్నం డ్యూటీ నుంచి పెందలకడ రావడం తటస్థించింది. నాయనమ్మ కిటికీ పక్కన కళ్ళజోడు పెట్టుకొని, సాయంత్రం పాప చదవవలసిన అధ్యాయాన్ని ముందుగానే చదువుకుంటున్నారు. అడుగుల చప్పుడు విని కళ్ళజోడు తీసి కొంగున దాచుకున్నారు. మేమూ ఆ సంగతి పాపకు చెప్పలేదు.