తెరమీద ఉన్నది, కాగితం మీద లేదు

సావనీరుకు ఏదైనా రాయవోయ్ అని సంపాదక మిత్రులు పట్టుబట్టినప్పుడు కవితలూ కథలూ నావల్ల కాదని ముందే చెప్పేశాను. నేను బి.యస్సీ విద్యార్థిని, మామిడి రైతు కొడుకుని. నాకు తెలిసినవి రెండే లోకాలు. ఒకటి తోట, రెండోది కంప్యూటరు ల్యాబు. ఆ రెంటికీ మధ్య ఒక కాగితం అడ్డం పడిన వైనం రాస్తాను. ఈ పేజీలు చదివేవాళ్లలో రైతుబిడ్డలు చాలామందే ఉంటారు గనుక, నలుగురికైనా పనికొస్తుందని ఆశ.

నూజివీడు అనగానే బయటివారికి చిన్నరసాలు గుర్తుకొస్తాయి. నోరూరడం వారి వంతు, ఆకాశం వంక చూడడం మా వంతు. పూత నిలవాలి, తేనెమంచు పురుగు తగలకూడదు, పిందె రాలకూడదు, ఇవన్నీ గట్టెక్కాక కాయ ముదిరే వేళకి ఈదురుగాలి రాకూడదు. పూతమీదే తోట గుత్తకిచ్చేసినవాడికి కాస్త నిశ్చింత. సొంతంగా కాయ కోయించి నున్న మార్కెట్టుకి తోలుకునేవాడికి మాత్రం మబ్బు పట్టిందంటే నిద్రుండదు.

పోయిన వేసవిలో ఒక రాత్రి వచ్చిన గాలివానకి మా పక్క తోట బాబాయికి (రక్తసంబంధం కాదు, ఊరి వరస) మూడెకరాల బంగినపల్లిలో సగం కాయ నేలపాలైంది. పదకొండు చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. నష్టం దరఖాస్తు కంప్యూటరులో నింపి, నింపినదాన్ని ప్రింటు తీసి, సంతకం చేసి, పాసుపుస్తకం నకలు జతపరిచి ఒక కార్యాలయంలో ఇవ్వాలన్నారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. గడువు నాలుగు రోజులు.

అందులో రెండు రోజులు గడిచిపోయాక, సాయంత్రం పూట బాబాయి మూడు కాగితాలు పట్టుకుని మా అరుగు మీదకొచ్చాడు.

"ఒరే అబ్బాయ్, నువ్వు కంప్యూటరు చదువుతున్నావు గదా. నెట్ సెంటరు కుర్రాడు నేను చెప్పిందల్లా కొట్టాడు. నా కళ్లతో చూశాను. కాయితం మీదకొచ్చేసరికి ఏవీ లేదు. ఆఫీసులో ఇస్తే, ఖాళీ ఫారం తెచ్చారేంటండీ అని తిప్పి పంపారు. మిషను మింగేసిందంటావా?"

కాగితాలు చూశాను. మొదటిదాంట్లో గళ్లన్నీ ఉన్నాయి, గళ్లలో ఏమీ లేదు. రెండోదాంట్లో పేరూ సర్వే నంబరూ వచ్చాయి గానీ, నష్టం వివరాల పెట్టెలో నాలుగు వరసలే పడ్డాయి. అయిదో వరస తల మాత్రం కనిపిస్తోంది, పక్కన తెరమీద ఉండే స్క్రోలు పట్టీ బొమ్మ కూడా భద్రంగా అచ్చయింది! సొంత సాగా, కౌలా అన్నచోట టిక్కు లేదు. మూడోది కూడా అంతే, పైగా సంతకం గీత ఒక్కటే విడిగా రెండో కాగితం మీద పడింది. బాబాయి చెప్పిన చెట్ల లెక్క ఏడో వరసలో ఉంది. కాగితం నాలుగో వరస దగ్గర ఆగిపోయింది. అంటే అది చదివే ఉద్యోగి దృష్టిలో ఒక్క చెట్టూ పడలేదన్నమాట.

మా ఫిజిక్సు మాస్టారు ప్రాక్టికల్సులో ఎప్పుడూ చెప్పే మాట, ఒకసారికి ఒక్కటే మార్చి చూడమని. అదే పట్టుకున్నాను. ముందు, ప్రింటరు ఊసు వదిలేసి ఫారాన్ని పీడీఎఫ్‌గా దాచి చూశాను. తప్పు అక్కడా అలాగే ఉంది. కనుక ప్రింటరుదీ సిరాదీ దోషం కాదు, కాగితానికి పది రూపాయల ఖర్చూ తప్పింది. మిత్రులారా, ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ ఒక్కటి చాలు.

మొదటి కాగితం ఖాళీగా ఎందుకొచ్చిందో చెబుతాను, నాకు అన్నిటికంటే ఇదే విచిత్రంగా తోచింది. ఆ కాగితం ఫారంలోనే ఉన్న "ప్రింట్" బొత్తాం నొక్కి తీసినది. ఇలాంటి బొత్తాలు కొన్ని, పేజీని ఉన్నదున్నట్టు అచ్చు వెయ్యవు. పేజీ తాలూకు హెచ్‌టీఎంఎల్ రాతని నకలు తీసి, ఇంకో కిటికీ తెరిచి అందులో పోసి, దాన్ని అచ్చుకి పంపుతాయి. మనం టైపు చేసినది ఆ రాతలో ఉండదు, బ్రౌజరు జ్ఞాపకంలో ఉంటుంది. బుట్ట మీద అంటించిన చీటీ వేరు, బుట్టలో ఉన్న కాయ వేరు. ఆ బొత్తాం చీటీలు నకలు తీసుకుపోయింది, కాయలు ఇక్కడే ఉండిపోయాయి. ఆ బొత్తాం జోలికి పోకుండా కీబోర్డు మీద కంట్రోలూ, పి అక్షరమూ కలిపి నొక్కితే బ్రౌజరు తెరమీద ఉన్న పేజీనే తీసుకుంటుంది. నెట్ సెంటరు కుర్రాడు రెండోసారి చేసినది అదే. తెలివిగలవాడు, కాకపోతే వెనక వరసలో పదిమంది నిలబడి ఉంటే అతను మాత్రం ఏం చేస్తాడు?

టిక్కు సంగతి సులువుగానే తేలింది. అందం కోసం కొన్ని ఫారాల్లో అసలు చెక్‌బాక్సు దాచేసి, దాని స్థానంలో వెనక రంగుతోనో బొమ్మతోనో టిక్కు గీస్తారు. సిరా ఆదా చెయ్యాలని బ్రౌజర్లు వెనక రంగుల్ని మామూలుగా అచ్చు వెయ్యవు. ప్రింటు కిటికీలో మోర్ సెట్టింగ్స్ తెరిచి బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ అన్నదానికి టిక్కు పెట్టాను. ఒక టిక్కు కోసం ఇంకో టిక్కు! అలాగే కాగితం సైజు చూస్తే అమెరికా వారి లెటర్ సైజు ఉంది. అది 279 మిల్లీమీటర్ల పొడవు, మన ఏ4 అయితే 297. ఆ పద్దెనిమిది మిల్లీమీటర్ల లోటుతోనే సంతకం గీత రెండో కాగితానికి జారింది. ఏ4 ఎంచుకోగానే పైకొచ్చింది.

మిగిలింది వివరాల పెట్టె. దాన్ని టెక్స్ట్ఏరియా అంటారు. అది ఒక కిటికీ లాంటిది. లోపల ఎంత రాసినా బయటికి కనిపించేది కిటికీ మేరకే, తెరమీదైతే జరుపుకుని చదవొచ్చు. కాగితాన్ని జరపడం ఎలా? సాధారణంగా పెట్టె కుడివైపు కింది మూలలో రెండు ఏటవాలు గీతలుంటాయి, వాటిని మౌసుతో పట్టుకుని కిందికి లాగితే పెట్టె పెరుగుతుంది. ఈ ఫారం చేసినవారు ఆ వీలు కూడా తీసేశారు. సరే, ఎఫ్12 నొక్కి, పెట్టెకి వరసలు 4 అని ఉన్నచోట 14 అని మార్చాను. బాబాయి వాక్యాలు మొత్తం పన్నెండు వరసలూ ఒక్కసారిగా కనిపించాయి. ఇది తప్పుడు పని కాదా అని తర్వాత ఒక మిత్రుడు అడిగాడు. ఆ మార్పు నా తెర వరకే, అవతలి కంప్యూటరులో అక్షరం కూడా మారదు. బాబాయి చెప్పిన మాటలే కాగితం మీదికొచ్చాయి, కొత్తగా ఒక్కటీ చేరలేదు. ఇంత తంటా పడలేనివారు ఫారంలో "వివరాలు జతపరచిన కాగితంలో" అని రాసి, వేరే కాగితం జతచెయ్యొచ్చునేమో ఆఫీసులో అడిగి చూడాలి.

"ఆ కిటికీలో పట్టేటట్టు నాలుగు చెట్లే పడుంటే బాగుండేదిరా" అన్నాడు బాబాయి. నవ్వాడు గానీ, నాకు నవ్వు రాలేదు.

నాకు కోపమల్లా ఒకందుకు. ఇదేదో నిన్న మొన్న పుట్టిన చిక్కు కాదు. వెబ్ పేజీల్లో ఫారాలు హెచ్‌టీఎంఎల్ రెండో కూర్పుతో 1995లోనే ప్రమాణమయ్యాయి. తెరకి ఒక తీరు, కాగితానికి ఒక తీరు విడిగా రాసుకునే సదుపాయం 1998లో సీఎస్ఎస్ రెండో కూర్పుతో వచ్చింది. నేను పుట్టకముందు మాట! మాటల్ని బట్టి పెట్టె తనంతట తనే పెరిగే సదుపాయం కూడా 2024లో క్రోమ్‌లోకి వచ్చింది. ఫారం కట్టేవారు నింపి చూస్తారు, పంపి చూస్తారు, అచ్చు తీసి చూడరు. వారి లెక్కలో తెరతోనే పని అయిపోయింది. మీసేవ 2011లో మొదలైన నాటినుంచీ మన ఊళ్లలో పనులు కంప్యూటరెక్కాయన్నది నిజమే గానీ, రైతు చేతికి ఇప్పటికీ సాక్ష్యం కాగితమే. సంతకమూ ముద్రా పడేది దాని మీదే.

మర్నాడు పొద్దున్నే బాబాయి కాగితం ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికల్లా మా అరుగు మీద ఇంకో అయిదుగురు. అందులో ఇద్దరివి తోతాపురి తోటలు, ఒకాయనది కౌలు. ఆయనకి టిక్కు పడకపోతే దరఖాస్తుకే అర్థం లేదు. గడువు లోపల అందరివీ తీసి ఇచ్చాం, పీడీఎఫ్‌లు నా దగ్గర, అచ్చు నెట్ సెంటరులో.

కాలేజీ తెరిచాక నేనూ నా ల్యాబు మిత్రుడూ కలిసి అలాంటి ఫారం ఒకటి నమూనాగా కట్టాం. అచ్చుకి వెళ్లేముందు పెట్టెలో మాటల్ని మామూలు పేరాగా మార్చేటట్టు ఇరవై వరసల కోడు రాశాం. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్సులోనూ సరిగ్గా వచ్చింది. ఆ కోడు జతచేసి ఆ కార్యాలయం వారికి ఉత్తరం రాశాం. జవాబు ఇంకా రాలేదు. బాబాయి సొమ్ము సంగతీ ఇంకా తేలలేదు. ఆయన మాత్రం తొలకరికి ఆ పదకొండు చోట్లా గుంతలు తీయించి బంగినపల్లి అంట్లు పెట్టాడు. కాపుకి రావాలంటే నాలుగైదేళ్లు పడుతుంది.