నగల మురికి

బంగారమునకు తుప్పు లేదు. నగపై మాసినట్లు కనబడునది చెమట, నూనె, పసుపు కలిసి కట్టిన జిడ్డే. దానిని వదల్చుటకు, మెఱుగుపెట్టెదమని వీధిలో కేకవేయువారికి నగ నీయనేల? నత్రికామ్లము 1 వంతు, హైడ్రోక్లోరికామ్లము 3 వంతులు కలిసిన ద్రవరాజమునందు బంగారము కరగును. వారి గిన్నెలో నదియే యున్నచో నగ తళతళలాడుచునే తూకము తగ్గి చేతికి వచ్చును. మా వీధిలో నొక యిల్లాలి గాజులట్లే తేలికపడినవి. త్రాసు చెప్పువఱకు నామె యెఱుగదు.

సోదరీమణులారా, రాళ్లు లేని గట్టి నగకు గోరువెచ్చని కుంకుడురసము చాలును. అరగడియ నానిన పిమ్మట మెత్తని కుంచెతో సందులు తోమి, గిన్నెలోని మంచినీటనే కడుగుడు. తూముకడ కడిగితిరా, సీల జాఱి పోవును.

ఈ స్నానము అన్నిటికి నొప్పదు. లక్క నింపిన గుండ్లను వేడినీట ముంచినచో లక్క మెత్తబడి గుండు సొట్టపోవును. వెనుక తళుకురేకు వేసి మూసిన కెంపుల నగలోనికి నీరు దిగెనా, రేకు మాసి రాతి కాంతి చచ్చును. పొడిగుడ్డయే వానికి మేలు. ముత్యమును పగడమును సున్నపు జాతివి. పులుపు వానిని తినివేయును గనుక చింతపండు, నిమ్మరసము దగ్గఱకు రానీయరాదు. మెడనుండి తీసిన వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఆఱిన పిదప వేఱు సంచిలో నుంచవలెను. బంగారపు టంచులు తగిలిన ముత్యముపై గీతలు పడును.

వెండి నల్లబడుట గాలిలోని గంధకపు వాయువులవలన. అల్యూమినియపు రేకుపై పట్టీలను పఱచి, వంటసోడా కలిపిన వేడినీరు పోసినచో ఆ గంధకము రేకునకు మఱలును. ముగ్గుపిండితో తోముట నాకు సమ్మతము గాదు. చెక్కడపు సందులలో కంసాలి సొగసునకై నిలిపిన నలుపుగల నగలను మాత్రము ఆ నీట వేయకుడు.