గట్టు మీద గుడారం.. మూటలో ఇంటి వంట

ట్రాక్టరు తొట్టిలో గడ్డి పరిచి, పైన దుప్పట్లు. ఓ మూల బియ్యం మూట, మరో మూల మేకపోతు. మధ్యలో పిల్లలు, ముసలివాళ్లు. రెండేళ్లకోసారి మాఘమాసంలో కోదాడ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇలాంటి బళ్లు సూర్యాపేట దారి పడతాయి. అవన్నీ చేరేది దురాజ్‌పల్లి గుట్టకే!

పెద్దగట్టు అన్నా, గొల్లగట్టు అన్నా అదే. యాదవుల ఇలవేల్పు లింగమంతుల స్వామి, ఆయన సోదరి చౌడమ్మ కొలువైన చోటు. తెలంగాణలో మేడారం తరువాత అంతటి జాతరని పేరు. 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 వరకు అయిదు రోజులు జరిగింది. ఆ రోజుల్లో విజయవాడ వెళ్లే వాహనాలను నార్కట్‌పల్లి దగ్గరే మళ్లించి మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌ల మీదుగా కోదాడకు పంపిస్తారంటే జనం తాకిడి ఎంతో ఊహించుకోవచ్చు.

మొక్కు చెల్లించి వెంటనే తిరిగొచ్చేవాళ్లు కొందరు. గుట్ట చుట్టూ గుడారం వేసి రెండు మూడు రోజులుండేవాళ్లు ఇంకొందరు. మూడు రాళ్లే పొయ్యి. అక్కడ తిన్నది వంటబడుతుందా, వాంతులు విరేచనాలు తెచ్చిపెడుతుందా అన్నది ఇంటి దగ్గర మూట కట్టేటప్పుడే సగం తేలిపోతుంది.

మూటలో ముందుండాల్సింది జొన్నరొట్టె. పల్చగా తట్టి బాగా ఎండేలా కాలిస్తే రెండు రోజులైనా చెడదు. పక్కన పల్లీల పొడి, నువ్వుల ఉండలు, ఉడికించి తాలింపు వేసుకోవడానికి శనగలు. గుడాలు చేసిపెడితే పిల్లలు చిప్స్ పొట్లాల వైపు చూడరు.. కాసేపైనా! పొయ్యి అవసరమే లేని పచ్చిపులుసు ఎలాగూ ఉంది. జామకాయలు, రేగుపళ్లు ఆ కాలంలో దండిగా దొరుకుతాయి.

అన్నంతోనే చిక్కు. పొద్దున వండింది రాత్రికి పోపు పెట్టి వడ్డిస్తే వేడిగానే ఉంటుంది, కానీ నిలవ అన్నంలో పుట్టే ఒక రకం విషం మళ్లీ వేడిచేసినా పోదు. పులిహోర నిలవుండేది చింతపండు పులుపు వల్లే. రాత్రి వండిన అన్నంలో గోరువెచ్చగా ఉండగానే పాలు పోసి తోడేస్తే తెల్లారేసరికి కమ్మని సద్ది. పెద్దల పద్ధతిలో శాస్త్రం ఉంది మరి.

చౌడమ్మకు మొక్కు తీరాక మాంసం వండని గుడారం అరుదు. కోసిన వెంటనే వండాలి, వండిన వెంటనే తినాలి. కూర రెండు గంటలకు మించి బయట ఉండకూడదన్నది నిపుణుల మాట. ఎక్కువైతే వేడివేడిగా పక్క గుడారానికి గిన్నెడు పంపితే సరి. జాతరలో చుట్టాలకు కొదవా!

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. ఉమ్మడి నల్గొండ జిల్లాకు ఫ్లోరైడ్ బాధ పాతదే. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. అందుకే తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున మంచినీళ్లు ఇంటి నుంచే క్యాన్లలో పట్టుకెళ్లడం మేలు. విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. అది లేకపోతే ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు చాలు. చెంచా అంటే టీ చెంచానే.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది షుగరున్న పెద్దవాళ్ల విషయంలో. బోనం సమర్పించేదాకా ఒక్కపొద్దు ఉంటామంటారు. మాత్ర వేసుకునో, ఇన్సులిన్ తీసుకునో ఏమీ తినకుండా ఎండలో గుట్ట ఎక్కితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం.. జనంలో అది పూనకమో నీరసమో తెలియదు కూడా. ఒక్కపొద్దు సంగతి, మందు మోతాదు సంగతి ముందే డాక్టరును అడగాలి. బోనం ఎత్తే కోడలి కొంగున బెల్లం ముక్క ముడేసి ఉంటే, అత్తగారు తూలేలోపే నోట్లో పెట్టొచ్చు.