హిమరేఖ కిరువైపుల

శాక్రమెంటో నగరమునకు పడమట యోలో కాజ్‌వే యను సుదీర్ఘసేతువుపై మా కారు సాగుచుండగా, వేసవిలో వరి పండు భూమి యంతయు దిగంతమువఱకు జలమయమై యుండుట చూచి, నది గట్టు తెగినదేమో యని భయపడితిని. కారు నడపుచున్న మా మేనల్లుడు నవ్వి, "తెగలేదు మామయ్యా, కావాలనే ఇటు మళ్లిస్తారు" అనెను. శాక్రమెంటో నది పొంగినప్పుడు అధికజలము ఎగువనున్న ఫ్రీమాంట్ అలుగుమీదుగా పొర్లి, నగరము జోలికి పోక, ఈ పల్లమున పాఱునట్లు ఏర్పఱచినారట.

ఈ వివేకము నగరమునకు ఊరక రాలేదు. 1861 డిసెంబరునుండి మఱుసటి జనవరివఱకు ఎడతెగని వానలకు ఊరు మునిగిపోగా, నూతన గవర్నరు లీలండ్ స్టాన్‌ఫర్డ్ పదవీస్వీకారమునకు పడవలో పోవలసివచ్చెను. శాసనసభ శాన్‌ఫ్రాన్సిస్కోకు తరలెను. పిమ్మట పౌరులు మన్ను పోసి వీధులనే యెత్తు చేసికొనిరి. బంగారమునకై కొండచరియలను నీటిధారలతో కోసి, ఆ మట్టితో నదీగర్భమును పూడ్చిన గనివారి పాపమును తరువాతి వరదలలో కలదు. 1884లో న్యాయస్థానము వారి నరికట్టెను. బంగారము తిన్నవా రొకరు, బురద యెత్తినవా రొకరు.

ఆబర్న్ దాటునప్పటికి వాన ధారాపాతముగా కురియుచుండెను. శీతకాలమున పసిఫిక్ మహాసముద్రముపై, ఒక్కొక్కప్పుడు హవాయి దీవుల దిక్కునుండి, సన్నని పాయగా సాగివచ్చు ఆవిరిప్రవాహము సియెర్రా నెవాడా పర్వతములను తాకి, పైకెగసి, చల్లబడి, ఒక యెత్తువఱకు వానగాను, ఆపైన మంచుగాను పడును. ఆ రెంటిని వేఱుచేయు హిమరేఖ యే యెత్తున నిలుచునో దానిమీదనే మైదానవాసుల భాగ్య మాధారపడియున్నది. తుఫాను చల్లనిదైనచో రేఖ దిగివచ్చును. దారులు మూతపడును గాని, నీరు కొండపైననే గడ్డకట్టి వేసవి పొలములకు మిగులును. వెచ్చనిదైనచో రేఖ పైకి ప్రాకి, పాతమంచుపై వాన కురిసి, రెండు జలములును ఒక్కుమ్మడి నదులలోనికి దూకును. 1997 నూతనసంవత్సరపు వరదలు అట్టివే. కనుక కనుమలో చిక్కిన ప్రయాణికుడు మంచును తిట్టుకొను రాత్రి, దిగువ గట్టుప్రక్క కాపురమున్నవాడు నెమ్మదిగా నిదురించును.

మఱికొంత యెక్కగా వాన మంచుగా మాఱెను. గొలుసులు లేని బండ్లను రహదారి సిబ్బంది నిలిపివేయుచుండిరి. మావాడు తడిమంచులో మోకాళ్లూని చక్రములకు గొలుసులు తగిలించుచు, నా మంచు చూచు ముచ్చటను గూర్చి యేమేమో గొణిగెను. 1952 జనవరిలో 'సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో' యను రైలుబండి, రెండువందలకు పైబడిన జనముతో, మూడు దినములు మంచులో కూరుకొనిపోయిన యూబా గ్యాప్ ఈ దారిలోనిదే; గర్వముగా దేశము దాటు ఆ బండిలోనివారిని కడకు గట్టెక్కించినవి, పక్క రహదారిపై మంచు త్రవ్వించి తెచ్చిన మామూలు మోటారుకార్లు.

డానర్ కనుమ దాటి సరస్సు కడకు దిగితిమి. 1846లో ఆలస్యముగా వచ్చి ఇచట చిక్కుపడిన వలసబృందములో దాదాపు సగము మంది మరణించిరి. ఆ యేటి మంచులోతునకు గుర్తుగా స్మారకపీఠమును 22 అడుగుల యెత్తున కట్టినారు. మేము ట్రక్కీ పట్టణమున బస వెదకుకొనులోపల వెనుక కనుమ మూసివేసి రని తెలిసెను. వీధి పొడవునను సరకులారీలు నిలిచిపోయెను. అందొక పంజాబీ చోదకుడు మమ్ము చూచి పలుకరించి, వేడి చాయ పోసి యిచ్చి, రేపు మధ్యాహ్నమునకు ముందు దారి తెఱవరు, తొందరపడ వలదని హిందీలో చెప్పెను.