ఆమెకు తెలుగు రాదనుకున్నాం



మా తాతల ఊరు బళ్ళారి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అలా మావాళ్ళు ఇల్లు కదలకుండానే కన్నడ నాడు వాళ్ళయ్యారు. మేం చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు నేర్పింది అవ్వ, తన పాత బైబిలు ముందు పెట్టి, వేలితో ఒక్కో అక్షరం చూపిస్తూ. అందుకే మా తెలుగు రెండు రకాలు. ప్రార్థనలో "కృపగల తండ్రీ, నీ సన్నిధికి వచ్చుచున్నాము" అంటాం. ఆమెన్ అయిన మరు నిమిషం "చార్జర్ యాడ పెట్టినావ్, బేగ ఇయ్యి" అంటాం.

ఇప్పుడు ఉద్యోగం కోసం బెంగళూరులో ఉన్నాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఇక్కడికి వచ్చాక తెలుగును ఇంకో పనికి కూడా వాడుకున్నాం. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. అయినా మనలాంటి ఇళ్ళలో చాలామందికి ఈ అలవాటు ఉంటుందని రాస్తున్నాం. పక్కవాళ్ళకు తెలియకూడదనుకున్న మాటను వాళ్ళ ముందే తెలుగులో అనేసుకోవడం. ఆటోలో, అంగట్లో, చివరికి ఇంట్లో కూడా.

మా ఇంటికి పనికి ఒక అక్క వస్తుంది. ఆమెతో కన్నడలో ఎప్పుడూ మర్యాదే. "బన్ని అక్కా" అని పిలుస్తాం, కాఫీ ఇస్తాం. ఆమె సింకు దగ్గరికి పోగానే మేమిద్దరం తెలుగులోకి మారిపోతాం. "మళ్ళీ ఎగ్గొట్టింది సూడు. కొడుక్కి బాగలేదంట. నెలనెలా ఇదే కథ." రెండేళ్ళు ఇలాగే గడిచాయి. ఆదివారం ఆ నోటితోనే స్తోత్రాలు.

పోయిన జనవరిలో అవ్వ వచ్చింది. మరునాడు పొద్దున వంటింటి గడప దగ్గర కూర్చుని అనపకాయలు ఒలుస్తూ, అలవాటుగా తెలుగులోనే అడిగింది.

"ఏ ఊరమ్మా నీది?"

"బాగేపల్లి తట్టు అవ్వా."

"పిల్లోల్లు ఎంతమంది?"

"ఒక్కడే. వానికి ఫిట్సు వస్తాయి. నెలకొకసారి ఆస్పత్రికి తీసకపోవాల."

హాల్లో మేమిద్దరం లాప్‌టాప్‌ల ముందు కూర్చున్నవాళ్ళం అలాగే ఉండిపోయాం. బాగేపల్లి కర్ణాటకలోదే అయినా ఆ తట్టు ఇళ్ళలో ఎక్కువగా తెలుగే మాట్లాడతారు. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. ఆమెది ఏ ఊరని రెండేళ్ళలో ఒక్కసారి అడిగి ఉంటే కదా!

మా టెస్టింగ్‌లో ఒక సంగతి ఉంది. ముందే సిద్ధం చేసుకున్న డేటా ఇస్తే ఏ అప్లికేషనైనా డెమోలో బాగానే నడుస్తుంది. ఎవరైనా ఇష్టమొచ్చినట్టు వాడినప్పుడే లోపలి బగ్ బయటపడుతుంది. మా ప్రార్థన తెలుగు డెమోనే. మా కన్నడ మర్యాద కూడా డెమోనే. ఎవరికీ అర్థం కాదనుకుని మాట్లాడిన తెలుగే మా అసలు మాట.

మత్తయి సువార్త 12వ అధ్యాయంలో యేసు ప్రభువు చెప్పింది ఇదే కదా. లోపల నిండినదే నోట పొర్లుతుందని, ఊరికే అనేసిన మాటకు కూడా లెక్క చెప్పాలని. అవ్వ వేలి వెంబడి ఆ మాటలు కూడబలుక్కుని చదివినవాళ్ళమే. అయితే బూతులు మాట్లాడం, అబద్ధాలాడం కాబట్టి మా నోరు శుభ్రమే అనుకున్నాం.

మరునాడు ఆమె రాగానే తెలుగులోనే చెప్పాం. "అక్కా, మేం అన్నవన్నీ నీకు అర్థమయ్యేవి కదా. మాదే తప్పు. క్షమించు."

ఆమె కొళాయి కట్టేసింది. "అర్థమయ్యేవి."

"మరి ఒక్కసారి కూడా చెప్పలేదే?"

"చెప్తే మీకు సిగ్గయితుందని."

ఆమె చర్చికి పోదు. వాక్యం చదవదు. మేం ఆమెను అన్ని మాటలంటున్నా, ఆమె మాత్రం మా పరువు చూసింది.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె మాతో కన్నడలోనే మాట్లాడింది. తెలుగు అవ్వతో మాత్రమే. అవ్వ ఊరికి పోయాక కూడా అంతే. ఈ మధ్యనే ఒకటి రెండు మాటలు తెలుగులో అంటోంది. మేం తొందర పెట్టడం లేదు.

ఇప్పుడు ఎవరి ముందైనా, వాళ్ళకు అర్థమవుతుందనే అనుకుని మాట్లాడాలని ఇంట్లో నియమం పెట్టుకున్నాం. నోటికి నియమం పెట్టడం సులభమే. మనసు మారిందా లేదా అన్నది, ఆమె ఈసారి రాని రోజున మాకు మొదట ఏమనిపిస్తుందో చూస్తే తెలుస్తుంది. పోయిన నెల ఆమె రాలేదు. ముందు చిరాకే వచ్చింది. ఆ తర్వాతే ఆ పిల్లవాడు గుర్తొచ్చాడు. రాత్రి ప్రార్థనలో వాడి పేరు చెప్పుకున్నాం.

పేతురు మాట్లాడే యాసను బట్టి అతను గలిలయవాడని అక్కడ నిలబడ్డవాళ్ళు పట్టేశారు. మా యాస విని మాది బళ్ళారి తట్టని ఆమెకు మొదటిరోజే తెలిసి ఉంటుంది. మేమెలాంటివాళ్ళమో మిగతా రెండేళ్ళూ వింటూనే ఉంది.